పాలిమర్ ఎలక్ట్రోలైట్: ఎంత వేడిలో కొలిచారన్నదే అసలు ప్రశ్న

2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు ప్రాణం కోల్పోయారు. అదే నెలలో పారిస్‌లో రెండు ఎలక్ట్రిక్ బస్సులు కాలిపోయాయి. అక్కడి రవాణా సంస్థ ఆ రకం బస్సులు 149ని తాత్కాలికంగా రోడ్డు మీద నుంచి తప్పించింది. బ్యాటరీ ప్రమాదం జరిగిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది: లోపల మండే ద్రవం బదులు పాలిమర్, అంటే పొడవాటి గొలుసు అణువులున్న ప్లాస్టిక్ లాంటి పదార్థం, పెడితే ఈ గొడవే ఉండదని. పారిస్ బస్సుల్లో ఉన్నది పాలిమరే.

అంతమాత్రాన పాలిమర్ దారి తప్పుదారి అని కాదు. ఏ పాలిమర్, ఏ లవణంతో, ఎంత మందాన, ఎంత వేడిలో పనిచేస్తుందో చెప్పకుండా ‘పాలిమర్ బ్యాటరీ సురక్షితం’ అంటే ఆ మాటకు అర్థం లేదు. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే విజయవాడ, గుంటూరు లాంటి ఊళ్లలో ఈ వివరాలు ఇంకా ముఖ్యం.

ఇప్పుడు ఫోన్లలో, స్కూటర్లలో ఉన్న లిథియం సెల్‌లో రెండు ఎలక్ట్రోడ్ల నడుమ దాదాపు 20 మైక్రాన్ల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాని సూక్ష్మ రంధ్రాల నిండా అయాన్లను మోసే ద్రవం, అదే ఎలక్ట్రోలైట్. ఇథిలీన్ కార్బొనేట్, డైమిథైల్ కార్బొనేట్ లాంటి ద్రావణుల మిశ్రమంలో లీటరుకు సుమారు ఒక మోల్ లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ కలుపుతారు. గది ఉష్ణోగ్రత దగ్గర దీని అయాన్ వాహకత సెంటీమీటరుకు సుమారు 10⁻² సీమెన్స్. పని పరంగా వంక పెట్టలేం. చిక్కంతా దాని స్వభావంలో ఉంది. డైమిథైల్ కార్బొనేట్ ఫ్లాష్ పాయింట్ 17, 18 డిగ్రీల దగ్గరే. అంటే జనవరి తెల్లవారుజాము చలిలో కూడా మన దగ్గర అది నిప్పు అంటుకునేంత ఆవిరిని విడుస్తూనే ఉంటుంది. ఆ లవణానికి కాస్త తేమ తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. సెల్ లోపల వేడి 80 నుంచి 120 డిగ్రీలకు చేరితే ఆనోడ్ మీది రక్షణ పొర విడిపోవడం మొదలవుతుంది. 130 దాటాక నడుమ ఉన్న ప్లాస్టిక్ పొర, అంటే పాలిఎథిలీన్ సెపరేటర్, కరుగుతుంది. అక్కడి నుంచి ఒక వేడి ఇంకో వేడిని పుట్టిస్తూ పోతుంది, ఆపడం కష్టం.

ఈ ద్రవం స్థానంలో పాలిమర్ పెట్టవచ్చన్న ఆలోచన 1970లది. 1973లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పీటర్ రైట్ బృందం పాలిఎథిలీన్ ఆక్సైడ్‌లో క్షార లోహ లవణాలు కరిగి సంకీర్ణాలుగా ఏర్పడతాయని చూపింది. దాన్ని బ్యాటరీలో ఎలక్ట్రోలైట్‌గా వాడవచ్చని 1978లో ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ అర్మాండ్ ప్రతిపాదించారు. ఆ పాలిమర్‌ను పీఈఓ అంటారు. నేటికీ ఈ రంగంలో అన్నిటినీ దానితోనే పోలుస్తారు.

పీఈఓ గొలుసులో రెండు కార్బన్లకు ఒక ఆక్సిజన్ ఉంటుంది. నాలుగైదు ఆక్సిజన్లు కలిసి ఒక లిథియం అయాన్‌ను చుట్టి పట్టుకుంటాయి. గొలుసు కదిలినప్పుడు పక్క ఆక్సిజన్లు దాన్ని అందుకుంటాయి. మేడ కట్టేచోట కూలీలు వరసగా నిలబడి ఇటుకను చేతులు మార్చి పైకి అందించినట్టే లిథియం ఇటు నుంచి అటు చేరుతుంది. ఆ చేతులు ఆడకపోతే ఇటుక ఉన్నచోటే ఉంటుంది. పీఈఓ విషయంలో జరిగేది అదే. గది ఉష్ణోగ్రత దగ్గర దీనిలో చాలా భాగం స్ఫటికంగా బిగుసుకుని ఉంటుంది. అయాన్లు ప్రధానంగా స్ఫటికం కాని మెత్తటి భాగంలోనే కదులుతాయని 1983లో ఎన్‌ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో అణువుల కదలికను పసిగట్టే పద్ధతి) ప్రయోగాలు తేల్చాయి. స్ఫటికాలు కరిగేది సుమారు 65 డిగ్రీల దగ్గర. అందుకే పీఈఓ వాహకత 25 డిగ్రీల దగ్గర 10⁻⁶, 10⁻⁵ స్థాయిలో తచ్చాడుతుంది, 60 నుంచి 80 డిగ్రీల మధ్య 10⁻⁴, 10⁻³ స్థాయికి ఎగబాకుతుంది. ఒకే పదార్థం, నూరు రెట్ల తేడా.

దీన్ని వోల్టుల్లో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మందాన్ని వాహకతతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు పొర చూపే నిరోధం వస్తుంది. 100 మైక్రాన్ల పొర, అంటే 0.01 సెంటీమీటర్లు, వాహకత 10⁻⁵ అయితే నిరోధం 1000 ఓమ్‌లు. చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీఆంపియర్ లాగితే ఆ పొర దగ్గరే ఒక వోల్టు పోతుంది. 3.4 వోల్టుల సెల్‌లో ఒక వోల్టు నష్టమంటే అది బ్యాటరీగా పనికిరానట్టే. అదే పాలిమర్‌ను 30 మైక్రాన్లకు తగ్గించి 60 డిగ్రీల పైన 5×10⁻⁴ వాహకతతో నడిపితే నిరోధం 6 ఓమ్‌లు, నష్టం 6 మిల్లీవోల్టులు. ద్రవం నింపిన సెపరేటర్‌లో, రంధ్రాల వంకర దారిని లెక్కలోకి తీసుకున్నా, ఇది 2 మిల్లీవోల్టుల ప్రాంతంలో ఉంటుంది. మందం, వేడి ఈ రెండూ కుదిరితే పీఈఓ నిజంగానే పోటీకి నిలుస్తుంది. పారిస్ బస్సుల్లోని లిథియం లోహ-పాలిమర్ బ్యాటరీని 60 నుంచి 80 డిగ్రీల మధ్య ఉంచడానికి కారణం ఇదే. బండి ఆగి ఉన్నా ఆ వేడి నిలపాలి, దానికి కరెంటు ఖర్చవుతూనే ఉంటుంది.

మన ఎండే ఆ వేడిని ఉచితంగా ఇస్తుందిగా అని తోచవచ్చు. బందరు రోడ్డులో మధ్యాహ్నం నిలిపిన స్కూటర్ సీటు కింద వేడి బయటి గాలి కంటే బాగా ఎక్కువే ఉంటుంది. అయినా దాని మీద ఆధారపడలేం. జనవరి ఉదయం 18, 20 డిగ్రీల్లో బండి తీసేవాడికి అదే పొర వంద రెట్లు మొండికేస్తుంది. వేడి చేసే ఏర్పాటు లేకుండా పొడి పీఈఓను, అంటే ద్రవమేమీ కలపని పీఈఓను, ద్విచక్ర వాహనంలో పెట్టడం ఈ ప్రాంతంలోనూ కుదరదు.

వాహకత ఒక్కటే చూసి సంతృప్తి పడితే ఇంకో లోపం కనిపించకుండా పోతుంది. పీఈఓలో ప్రవహించే కరెంటులో లిథియం మోసేది సుమారు అయిదో వంతు మాత్రమే. ట్రాన్స్‌ఫరెన్స్ సంఖ్య 0.2 అనేది ఇదే. మిగతాదంతా లవణపు రుణ అయాన్ల కదలిక, వాటితో ఎలక్ట్రోడ్లకు పని లేదు. అవి ఒక పక్కకు పోగుపడి రెండో పక్క లవణాన్ని కరువు చేస్తాయి. కరెంటు ఒక హద్దు దాటితే లిథియం ఎలక్ట్రోడ్ దగ్గర లవణం అడుగంటి, లోహం సమంగా పరుచుకోకుండా సూదుల్లా పెరుగుతుంది. వీటినే డెండ్రైట్లు అంటారు. సూదిని ఆపాలంటే పొర లిథియం లోహం కంటే సుమారు రెట్టింపు గట్టిగా ఉండాలని మన్రో, న్యూమన్ అనే శాస్త్రవేత్తలు 2005లో లెక్కగట్టారు. ఆ గట్టిదనానికి కొలత షియర్ మాడ్యులస్, లిథియంకు అది కొన్ని గిగాపాస్కల్‌లు. 65 డిగ్రీల పైన పీఈఓది దాంతో పోలిస్తే వెయ్యి రెట్లకు పైగా తక్కువ. గట్టిదనం పెంచితే గొలుసు కదలదు, గొలుసు కదిలితే గట్టిదనం ఉండదు. ఈ రంగంలో నలభై ఏళ్ల పనిలో ఎక్కువ భాగం ఈ బిగువు చుట్టూనే తిరిగింది.

సూది పూర్తిగా గుచ్చుకోకముందే గ్రాఫ్‌లో జాడ తెలుస్తుంది. ఛార్జింగ్ వోల్టేజ్ రేఖ నునుపుగా ఎక్కకుండా చిన్న చిన్న వణుకులతో అక్కడక్కడే తిరుగుతుంది. ఛార్జింగ్ పూర్తి కావాల్సిన వోల్టేజ్‌కు చేరదు. ఇచ్చిన ఛార్జ్ మాత్రం సెల్ సామర్థ్యాన్ని మించిపోతుంది. అలాంటి సెల్‌ను అప్పుడే ఆపాలి. ‘సామర్థ్యం పెరిగింది’ అని దాన్ని ఫలితాల పట్టికలో చేర్చడం పెద్ద తప్పు.

పొర తయారీ చెప్పడానికి సులువు, సరిగ్గా చేయడానికి కష్టం. కరిగించి పోసి ఆరబెట్టే సొల్యూషన్ కాస్టింగ్‌కు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. మన కాలేజీల భౌతిక, రసాయన ప్రయోగశాలల్లో ఈ పని చేయడానికి వీలైంది కూడా అందుకే. మామూలుగా 6 లక్షలు లేదా 10 లక్షల అణుభారం ఉన్న పీఈఓ, లిథియం టీఎఫ్‌ఎస్‌ఐ లవణం, ద్రావణిగా అసిటోనైట్రైల్ వాడతారు. లెక్క ఆక్సిజన్ల సంఖ్యను బట్టి ఉంటుంది: 20 ఆక్సిజన్లకు ఒక లిథియం. పీఈఓలో ఒక్కో యూనిట్ బరువు 44.05, లవణం అణుభారం 287.1. ఒక గ్రాము పీఈఓలో 0.0227 మోల్‌ల ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి లవణం 0.326 గ్రాములు కావాలి. నిష్పత్తి 18కి తగ్గిస్తే 0.362 గ్రాములు. లవణం ఎక్కువ వేస్తే అయాన్లు పెరుగుతాయి గానీ, గొలుసులను అవి ఒకదానికొకటి ముడివేసి కదలికను తగ్గిస్తాయి. జతలు జతలుగా అంటుకుపోయిన అయాన్లు కరెంటు మోయవు. అందుకే ఒక స్థాయి దాటాక వాహకత పెరగడం ఆగి, తగ్గుతుంది.

పీఈఓను 50 డిగ్రీల వ్యాక్యూమ్ ఓవెన్‌లో కనీసం ఒక రోజు, లవణాన్ని 110, 120 డిగ్రీల దగ్గర ఒక రోజు ఆరబెట్టాలి. పీఈఓను 60 దాటించి ఆరబెట్టకూడదు, పొడి కరిగి ముద్ద అవుతుంది. గ్రాము పాలిమర్‌కు 20, 25 మిల్లీలీటర్ల ద్రావణి తీసుకుని ముందు లవణాన్ని కరిగించాలి. తర్వాత పీఈఓ పొడిని కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలి. ఒక్కసారిగా పోస్తే పైన జిగురు కట్టి లోపలి పొడి తడవదు, ఆ గడ్డలు రాత్రంతా తిప్పినా కరగవు. పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలు కలిపాక, తేనెలా జారే ద్రావణాన్ని టెఫ్లాన్ పాత్రలో పోసి మూత కాస్త వదులుగా పెట్టి నెమ్మదిగా ఆరనివ్వాలి. తొందరపడి వేడి చేస్తే పైపొర ముందే బిగిసి, లోపలి ద్రావణి బుడగలుగా లేచి పొరలో గుంతలు మిగులుతాయి. డెండ్రైట్ ముందు దూరేది ఆ గుంతల్లోనే. చివరగా 60 డిగ్రీల వ్యాక్యూమ్‌లో ఇరవై నాలుగు గంటలు. అసిటోనైట్రైల్ విషం, త్వరగా మండుతుంది కూడా. ఈ పనంతా ఫ్యూమ్ హుడ్ కిందే జరగాలి.

అన్నిటికంటే ఎక్కువగా పని చెడగొట్టేది తేమ. లిథియం టీఎఫ్‌ఎస్‌ఐ గాలిలోని నీటిని పీల్చుకుని తానే కరిగిపోయే రకం. జూలై, ఆగస్టుల్లో కృష్ణ ఒడ్డున గాలి తేమ 80 శాతం చుట్టూ ఉన్నప్పుడు సీసా మూత తీసి బల్ల మీద తూచితే, తూచింది లవణమో నీళ్లో తెలియదు. నీరు చేరిన పొర వాహకత బాగా ఎక్కువ చూపిస్తుంది, అందరూ సంబరపడతారు. అదే పొరను లిథియం లోహానికి ఆనిస్తే లోహం నల్లబడుతుంది, కొద్ది ఛార్జ్-డిశ్చార్జ్ సైకిళ్లకే నిరోధం రెట్టింపవుతుంది. ఆర్గాన్ నింపిన గ్లవ్‌బాక్స్‌లో నీరు, ఆక్సిజన్ ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక భాగం) లోపు ఉంచి సెల్ బిగించడం మర్యాద కోసం పెట్టుకున్న నియమం కాదు. అది లేనిచోట పొర చేసి వాహకత వరకు కొలవడం న్యాయమే గానీ, ఆ పొరతో బ్యాటరీ ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పకూడదు.

వాహకత కొలతకు పొరను రెండు స్టీల్ బిళ్లల మధ్య బిగించి, 10 మిల్లీవోల్టుల ఏసీతో 1 మెగాహెర్ట్జ్ నుంచి 0.1 హెర్ట్జ్ వరకు ఇంపిడెన్స్, అంటే ఏసీకి పొర చూపే అడ్డు, చూస్తారు. 16 మిల్లీమీటర్ల బిళ్ల వైశాల్యం 2.01 చదరపు సెంటీమీటర్లు. 100 మైక్రాన్ల పొర 500 ఓమ్‌లు చూపితే వాహకత సుమారు 10⁻⁵. ఇక్కడ దొర్లే మామూలు తప్పు మందంలో. పొరను వేడి చేసి నొక్కాక అది పలచబడుతుంది. ముందు కొలిచిన మందాన్నే లెక్కలో వాడితే వాహకత ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. కొలత అయ్యాక సెల్ విప్పి మళ్లీ మందం చూడాలి. వేడి పెంచిన ప్రతిసారీ కనీసం అరగంట ఆగి కొలవాలి, ఎందుకంటే స్ఫటికాలు కరగడానికీ తిరిగి కట్టడానికీ సమయం పడుతుంది. వేడెక్కించేటప్పుడు వచ్చిన గీత, చల్లార్చేటప్పుడు వచ్చిన గీత ఒకటి కావు. రెండూ చూపని గ్రాఫ్‌ను నమ్మడం కష్టం.

పొరలో మిగిలిపోయే ద్రావణి ఇంకో మోసం. పీవీడీఎఫ్ అనే ఫ్లోరిన్ ఉన్న మరో పాలిమర్ పొరలను డీఎంఎఫ్ అనే ద్రావణిలో కరిగించి పోస్తారు. డీఎంఎఫ్ మరుగు స్థానం 153 డిగ్రీలు, అది లిథియంను గట్టిగా పట్టుకుంటుంది కూడా, కాబట్టి రోజంతా ఆరబెట్టినా బరువులో పది శాతం పైచిలుకు లోపలే ఉండిపోవచ్చు. అలాంటప్పుడు గది ఉష్ణోగ్రత దగ్గర కనిపించే 10⁻⁴ వాహకత పాలిమర్ గొప్ప కాదు, అందులో దాగిన డీఎంఎఫ్‌ది. వేడి చేస్తూ బరువు తూచే థర్మోగ్రావిమెట్రీలో 200 డిగ్రీల లోపు ఎంత బరువు తగ్గిందో చూపిస్తే ఈ సందేహం తీరుతుంది. పీవీడీఎఫ్‌లో గార్నెట్ రకం సిరామిక్ పొడి కలిపినప్పుడు ద్రావణం గోధుమ రంగుకు, తర్వాత నలుపుకు తిరగడం చాలామంది చూసే ఉంటారు. పొడి ఉపరితలంలోని క్షారం పాలిమర్ నుంచి హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను లాగేసి గొలుసులో జంట బంధాలను మిగల్చడం దానికి కారణం. కొద్ది రంగు వాహకతకు మేలు చేయవచ్చు, ముదిరితే పొర పెళుసవుతుంది.

సిరామిక్ పొడుల కథ 1998లో బలంగా మొదలైంది. పది శాతం వరకు నానో టైటానియా, అల్యూమినా కలిపితే పీఈఓ తిరిగి స్ఫటికంగా బిగుసుకోకుండా ఆగి, తక్కువ వేడిలోనూ వాహకత మెరుగైందని ఇటలీ శాస్త్రవేత్తలు చూపారు. ఇది నిజమైన మెరుగుదలే. కాకపోతే పది రెట్ల మెరుగుదల 10⁻⁶ను 10⁻⁵ చేస్తుంది, అంతే. పొడి శాతం మితిమీరితే గింజలు గుంపుకట్టి దారికి అడ్డు పడతాయి.

అసలు ఆచరణలో నిలిచింది జెల్. 1990లలో అమెరికాలోని బెల్‌కోర్ ప్రయోగశాల పీవీడీఎఫ్-హెచ్‌ఎఫ్‌పీ పొరతో దీన్ని కర్మాగారం స్థాయికి తెచ్చింది. పాలిమర్ రంధ్రాల్లో ద్రవ ఎలక్ట్రోలైట్ నానుతుంది, వాహకత 10⁻³ స్థాయికి వస్తుంది. ఫోన్లలో, డ్రోన్లలో ‘లిథియం పాలిమర్’ పేరుతో అమ్మే మెత్తటి పౌచ్ సెల్‌లలో ఎక్కువ భాగం ఇలాంటి జెల్ గానీ, మామూలు ద్రవం గానీ ఉన్నవే. ఉబ్బితే, గుచ్చుకుంటే అవి మామూలు లిథియం సెల్ లాగే మండుతాయి. ఆ పేరు చూసి జాగ్రత్త తగ్గించుకోకూడదు.

ఈ జెల్ పొర కాస్టింగ్‌లో మన వాతావరణం నేరుగా చేయి పెడుతుంది. పాలిమర్‌ను అసిటోన్‌లో 10, 15 శాతం కరిగించి పరిస్తే, అసిటోన్ ఆరే వేగానికి పొర ఉపరితలం చల్లబడి గాలి తేమ దాని మీద చేరుతుంది. ఆ నీరు పాలిమర్‌ను విడగొట్టి రంధ్రాలు చేస్తుంది. అందుకే ఒకే పాళ్లతో ఫిబ్రవరిలో దాదాపు పారదర్శకంగా వచ్చిన పొర ఆగస్టులో సుద్దలా తెల్లగా వస్తుంది. తెల్ల పొర ద్రవాన్ని తన బరువుకు రెండు మూడు రెట్లు పీలుస్తుంది గానీ లాగితే చిరుగుతుంది. గది తేమను ఒక అంకె దగ్గర కట్టడి చేయకుండా చేసిన రెండు విడతలను పోల్చడంలో అర్థం లేదు.

ఇంకో దారి, సెల్ లోపలే పాలిమర్ కట్టించడం. ద్రవ ఎలక్ట్రోలైట్‌లో పీఈజీ డైఅక్రిలేట్ లాంటి మోనోమర్ (ఒకదానికొకటి అతుక్కుని పాలిమర్ అయ్యే చిన్న అణువు) కొద్ది శాతం, ఆ చర్యను మొదలెట్టే ఏఐబీఎన్ ఇనిషియేటర్ చిటికెడు కలిపి, సెల్‌లో నింపి, 60, 70 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే ద్రవం జెల్ అవుతుంది. ద్రవంగా ఉన్నప్పుడే ఎలక్ట్రోడ్ల సందుల్లోకి దూరుతుంది కాబట్టి స్పర్శ బాగుంటుంది. బయట చేసిన పొరకు ఈ సుఖం లేదు. ఇప్పుడున్న సెల్ తయారీ లైన్లను పెద్దగా మార్చకుండా చేయగలగడం దీని అసలు బలం. చిక్కులూ ఉన్నాయి. ఆక్సిజన్ మిగిలితే పాలిమరీకరణ మధ్యలో ఆగుతుంది. ఏఐబీఎన్ విడిపోతే నైట్రోజన్ వాయువు వస్తుంది, దాన్ని తీసేయకుండా సీల్ చేస్తే పౌచ్ ఉబ్బుతుంది. చర్యలో పాల్గొనకుండా మిగిలిన మోనోమర్ ఆనోడ్‌తో నెమ్మదిగా చర్య జరుపుతూ సెల్ ఆయుష్షు తింటుంది. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ లవణాన్ని డయాక్సొలేన్‌తో కలిపితే ఇనిషియేటర్ లేకుండానే పాలిమర్ కట్టడం మొదలవుతుంది. నింపేలోపే గొట్టంలో బిగుసుకుంటే లైన్ మొత్తం ఆగుతుంది.

ఎవరైనా గది ఉష్ణోగ్రతలో పనిచేసే ఘన పాలిమర్ సెల్ చేశామన్నప్పుడు అడగాల్సింది, బిగించేటప్పుడు ద్రవం చుక్క వేశారా అని. 16 మిల్లీమీటర్ల బిళ్ల, 50 మైక్రాన్ల పొర ఘనపరిమాణం పది మైక్రోలీటర్లు. ‘తడపడానికి’ వేసిన చుక్క కూడా పది మైక్రోలీటర్లే అయితే ఆ సెల్‌లో పాలిమర్ ఎంతో ద్రవమూ అంతే. కాథోడ్ మీద ఎంత పదార్థం పూశారన్నదీ అడగాలి. చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అంటే 0.3 మిల్లీఆంపియర్-అవర్. వ్యాపార సెల్‌లో దానికి ఎనిమిది, పది రెట్లు ఉంటుంది. పలచటి కాథోడ్‌తో 500 సైకిళ్లు నడిచిన పొర, మందమైన కాథోడ్ ముందు 50కే చేతులెత్తేయవచ్చు. మందమైన కాథోడ్ లోపలికి కూడా పాలిమర్, లవణం చేరాలి, అందుకే పూత మిశ్రమంలో ఇరవై, ముప్పై శాతం వాటికే ఇస్తారు.

కాథోడ్ ఎంపికలో పీఈఓకు స్వేచ్ఛ తక్కువ. సుమారు 4 వోల్టుల దగ్గర అది ఆక్సీకరణం చెందడం మొదలవుతుంది, గొలుసు చివరల్లో ఉండే ఓహెచ్ సమూహాలు ముందు బలవుతాయి. 3.65 వోల్టుల దగ్గర ఛార్జింగ్ ఆగే లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌తో సుఖంగా ఉంటుంది, 4.2 దాకా ఎక్కే నికెల్ రకాలతో కాదు.

ఈ లెక్కలన్నీ చూశాక విజయవాడ–గుంటూరు రోడ్ల మీద తిరిగే ఈ-ఆటోకు ఏది తగును? పొడి పీఈఓ కాదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ కాథోడ్, గ్రాఫైట్ ఆనోడ్, మధ్యలో సెల్ లోపలే కట్టించిన జెల్. ద్రవం కారదు, మంట కొంత నిదానిస్తుంది, 20 డిగ్రీల్లోనూ 50లోనూ పనిచేస్తుంది. మంటే రాదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వకూడదు. జెల్‌లోనూ మండే ద్రావణి ఉంది, పీఈఓ కూడా మండేదే, లిథియం లోహం వాడితే అది 180 డిగ్రీలకే కరిగి ప్రవహిస్తుంది. 2022 డిసెంబర్, 2023 మార్చి గడువులతో విద్యుత్ ద్విచక్ర, త్రిచక్ర వాహనాల బ్యాటరీ భద్రతకు మన దేశం పెట్టుకున్న ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినం చేసిన సవరణలు సెల్‌తో ఆగకుండా ప్యాక్ మొత్తాన్ని పరీక్షించమనడం అందుకే సరైన పద్ధతి. ఆటోనగర్‌లో ప్యాక్ బిగించేవాళ్లు సెల్ సరఫరాదారును అడగాల్సిన కాగితం కూడా ఆ దిశలోనే ఉండాలి: 25, 45, 60 డిగ్రీల దగ్గర విడివిడిగా సెల్ నిరోధం, 55 డిగ్రీల నిల్వ తర్వాత మిగిలిన సామర్థ్యం, అదే నిల్వలో సెల్ ఎన్ని మిల్లీమీటర్లు ఉబ్బిందన్న కొలత.